సున్నా గుంటలో నా రక్తం

ముప్పై ఒక్క ఏళ్లు వైరస్‌ల మీద పనిచేశాను. ఇంత కాలంలో నేను కనిపెట్టినవాటిలో ఇప్పటికీ నిలబడి ఉన్నది ఒక్కటే: మా ల్యాబులోని పెద్ద ఫ్రీజర్ తలుపు మోకాలితో ఒకసారి, భుజంతో ఒకసారి తోస్తేగాని పడదు. మిగిలినవన్నీ ఎవరో ఒకరు వచ్చి సవరించారు. వాటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని సవరించే భాగ్యం నాకే దక్కింది. ఆ సంగతే చెప్పబోతున్నాను. వింటూ నవ్వొస్తే మొహమాటపడకండి, మా ఇంట్లో ఎవరూ పడటం లేదు.

"చిన్నప్పటి నుంచీ సూక్ష్మజీవులంటే నాకు ప్రాణం" అని సభల్లో చాలాసార్లు చెప్పాను. పచ్చి అబద్ధం. కాలేజీలో చేరే రోజున రసాయనశాస్త్రం కౌంటరు ముందు క్యూ మెట్ల దాకా ఉంది. సూక్ష్మజీవశాస్త్రం కౌంటరులో గుమాస్తా ఒక్కడే కూర్చుని అగ్గిపుల్లతో చెవి గోక్కుంటున్నాడు. నాకు నిలబడటం చిన్నప్పటి నుంచీ చేతకాదు. అలా శాస్త్రవేత్తనయ్యాను. ఆ గుమాస్తా ఒక్క నిమిషం లేచి బయటికి వెళ్లి ఉంటే ఈపాటికి ఏ రంగుల కంపెనీలోనో హాయిగా ఉండేదాన్ని.

మా ల్యాబు మూడో అంతస్తులో, కారిడార్ చివర ఉంటుంది. రెండు కిటికీలు. రంగులేసినప్పుడు ఒకదాని రెక్కలు అతుక్కుపోయాయి. రెండోదాన్ని తెరిస్తే కింద జనరేటర్ పొగంతా లోపలికొస్తుంది. రక్తాన్ని గిరగిరా తిప్పే యంత్రం ఒకటి ఉంది. అది తిరుగుతున్నంతసేపూ బల్ల మీద నడుస్తుంది, కాబట్టి ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని నిలబడాలి. నేను చేరిన మొదటి ఏడాది చేసిన పరిశోధన అదే.

మేం పనిచేసేది దోమల వల్ల వచ్చే ఒక జ్వరం మీద. దాని అసలు పేరు నోరు తిరగదు, అందరం కీళ్లజ్వరం అనేవాళ్లం. జ్వరం మూడు రోజుల్లో పోతుంది, కీళ్లనొప్పులు నెలల తరబడి ఉండిపోతాయి. తగ్గాక ఒంట్లో యాంటీబాడీలు మిగులుతాయి. మళ్లీ అదే వైరస్ వస్తే గుమ్మంలోనే మెడపట్టి గెంటే కాపలావాళ్లన్నమాట. ఆ కాపలావాళ్లు ఎంతకాలం డ్యూటీలో ఉంటారన్నదే నా ప్రశ్న. చిన్న ప్రశ్నే. నా జీవితాన్ని మింగేసింది.

పరీక్ష ఎలా చేస్తారో చెబుతాను, కష్టమేమీ కాదు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలక ఉంటుంది, దాని నిండా చిన్న చిన్న గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కొక్కరి రక్తం పైతేట చుక్క వేసి, మందులు కలుపుతాం. యాంటీబాడీలు ఉంటే గుంట పసుపుపచ్చగా మారుతుంది, లేకపోతే నీళ్లలా ఉంటుంది. అయితే ఎంత పసుపు ఉంటే ఉన్నట్టు, ఎంత ఉంటే లేనట్టు? అది తేల్చడానికి ఆ జ్వరం ఎప్పుడూ రానివాళ్ల రక్తం ఒక గుంటలో వేస్తాం. అదే సున్నా గుంట. దానికన్నా బాగా ముదురుగా ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మొత్తం వ్యవహారం ఆ సున్నా మీద నడుస్తుంది.

సున్నాకి ఇరవై ముప్పై మంది రక్తం వాడాలని పుస్తకాల్లో రాసి ఉంది. ఆ పుస్తకాలు రాసినవాళ్లు మా ల్యాబు చూడలేదు. మాకు మొదట్లో దొరికింది ఆరుగురు. టైపిస్టుకి బదిలీ అయింది. స్టోర్ కీపర్ సూదిని చూసి పడిపోయాడు, తల తగిలి ఫ్రీజర్ హ్యాండిల్ వంగింది. ఇద్దరు అసిస్టెంట్లకి ఆ మరుసటి సీజనులో సాక్షాత్తూ కీళ్లజ్వరమే వచ్చింది. మిగిలింది నేను, మాకు రక్తం తీసే టెక్నీషియన్. ఆయన్ని అందరం సూది మాస్టారనేవాళ్లం. "గుచ్చేవాడే గుచ్చించుకుంటే గుచ్చేదెవరండీ?" అని ఆయన తప్పుకున్నాడు. ఇక మిగిలింది నేను.

నాకు కీళ్లజ్వరం ఎప్పుడూ రాలేదు. ఎవరడిగినా తడుముకోకుండా చెప్పేదాన్ని. వైరసే నన్ను చూసి జడుసుకుంటుందని జోకు కూడా వేసేదాన్ని. మా గైడు రిటైరయ్యాక ల్యాబు నా చేతికొచ్చింది, సున్నా గుంట కూడా. రెండు మూడు నెలలకోసారి మాస్టారు నా చేతికి రబ్బరుపట్టీ కట్టేవాడు. అలా నాకు సున్నా మేడం అని పేరొచ్చింది. పిల్లలు నా వెనకాల అనుకునేవాళ్లు, నాకు వినపడేది, లోలోపల మురిసిపోయేదాన్ని. సున్నా అంటే మురిసిపోయే మనిషిని మీరెక్కడైనా చూశారా?

నా గుంట అచ్చంగా నీళ్లలా ఉండేది కాదు. కాస్త లేతపసుపు తేలేది. "మనిషి రక్తమన్నాక ఆ మాత్రం రంగు ఉండదూ?" అనుకున్నాం. ఆ లేతపసుపునే సున్నా చేసి, వందలమంది రక్తం చూశాం. నాకన్నా ముదురుగా ఉన్నవాళ్లకి రక్షణ ఉందని, లేనివాళ్లకి పోయిందని రాశాం. జ్వరం తగ్గిన రెండేళ్లకల్లా సగంమందికి యాంటీబాడీలు మాయమైపోతున్నాయని తేలింది. పేపరు అచ్చయింది. "సగంమందికి రెండేళ్లే" అన్న నా మాట ఆరోగ్యశాఖ కరపత్రాల్లోకెక్కింది. కీళ్లజ్వరం ఒకసారి వచ్చి తగ్గిన నర్సులు కూడా రెండేళ్లకోసారి చెయ్యి చాచి రక్తమిచ్చి, "మీకు రక్షణ లేదు" అనిపించుకుని బిక్కమొహాలతో వెళ్లేవాళ్లు. ఆ పేపరు మొదటి పేజీకి ఫ్రేము కట్టించి నా గదిలో పెట్టుకున్నాను. అద్దం ఎవరి గదిలోనైనా ఉంటుంది, నా అద్దం అదే.

ఇక్కడ ఇంకో ఘనకార్యం చేశాను. వేరే ఊళ్లలో మూడు ల్యాబులు నా ఫలితం నిజమో కాదో సొంతంగా చూసుకుంటామన్నాయి. "తప్పకుండా చూడండి, మీకు మంచి సున్నా దొరకడం కష్టం కదా, నేనే పంపిస్తాను" అని నా రక్తాన్నే చిన్న చిన్న గొట్టాల్లో పోసి, మంచుపెట్టెలో సర్ది పంపాను. ముగ్గురూ పరీక్ష చేసి, నా ఫలితం అక్షరాలా సరైనదన్నారు. అనరూ మరి! ఆ ఉత్తరాలు కూడా ఫైలులో భద్రంగా పెట్టుకున్నాను.

ఇక నిదానం సంగతి. ఆమె నా దగ్గర పీహెచ్‌డీ విద్యార్థి. ఇంకొకరు గంటలో చేసే పని ఆమె మూడు గంటలు చేసేది. ప్రతి గొట్టం మీదా తేదీ, టైము, తన పొడి అక్షరాలు, ఆవగింజంత రాతతో రాసేది. అందుకని నిదానం అని పేరు పెట్టాను. పేర్లు పెట్టడంలో నాకు మంచి నేర్పుంది, నా పరిశోధన అంత గొప్పగా ఉంటే బాగుండేది. ఆమె పని, పదేళ్ల కిందట కీళ్లజ్వరం వచ్చినవాళ్లని వెతికి రక్తం చూడటం. నా లెక్క ప్రకారం వాళ్లలో దాదాపు ఎవరికీ యాంటీబాడీలు ఉండకూడదు.

ఆమె మొదలుపెట్టేనాటికి నాకు రక్తహీనత వచ్చింది. మాస్టారు పట్టీ కట్టబోయి ఆగిపోయాడు.

"మేడం, డాక్టరు కాయితం చూశాను. మీరు నాకు తిట్లు ఎన్నయినా ఇవ్వండి, రక్తం మాత్రం తియ్యను."

నా పాత రక్తం ఫ్రీజర్లో పదహారు గొట్టాలు మిగిలి ఉంది. అది ముఖ్యమైన పనులకని తాళం వేశాను. నిదానం పని ముఖ్యమైనది కాదని అందులోనే తెలుస్తోంది కదా! పాపం ఆమె ఏంచేసింది? దోమ బతకలేని చలికొండల మీదికి బస్సెక్కి వెళ్లింది, అక్కణ్ణుంచి కదలని ఇరవైమందిని పట్టుకుంది, వాళ్ల రక్తం తెచ్చి సున్నా పెట్టుకుంది. పుస్తకంలో ఎలా ఉందో అలాగే చేసిందన్నమాట. ఆమె ఫలితం చూస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పదేళ్ల తరవాత కూడా యాంటీబాడీలు నిక్షేపంలా ఉన్నాయి.

"చేతకాలేదు, మళ్లీ చెయ్యి," అన్నాను.

మళ్లీ చేసింది. అదే వచ్చింది. చుక్కలు వేసే పైపెట్ పట్టుకోవడం రాదన్నాను. కొలిచే గొట్టాలు మార్చమన్నాను, నీళ్లు మార్చమన్నాను, చివరికి బల్ల కూడా మార్చమన్నాను. మూడేళ్లలో నాలుగుసార్లు మొదటి నుంచి చేయించాను. నలుగురి ముందు "ఇన్నేళ్లొచ్చినా చుక్క వెయ్యడం రాలేదమ్మా నీకు" అని కూడా అన్నాను. ఆమె ఎదురుచెప్పేది కాదు. చేతులు కడుక్కుని, గ్లోవ్స్ తొడుక్కుని, మళ్లీ ఒకటో గుంట నుంచి మొదలుపెట్టేది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆమె నాలుగో కాలు తెచ్చి చూపించిన ప్రతిసారీ అది తోకన్నాను.

ఆరో ఏడాది చివరికొచ్చింది. ఆ నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే ఆమె రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఆరేళ్లూ గంగపాలే. ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం కూడా ఖాయమైంది, డిగ్రీ వస్తేనే చేరాలి. కావలసింది నా సంతకం ఒక్కటే. తొమ్మిదో తారీకున థీసిస్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. మూడో అధ్యాయం నిండా ఆ తొమ్మిదిమందే.

"ఇది నా సంతకంతో వెళ్తే నలుగురూ నవ్వుతారు," అన్నాను.

"మేడం, ఒక్కసారి మీరు పక్కన కూర్చుని చూడండి," అంది. "ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి. దిద్దుకుంటాను."

"పక్కన కూర్చోవడమెందుకు? నేనే చేసి చూపిస్తాను," అన్నాను. అనకుండా ఉండాల్సిన మాటల్లో అది మొదటిది.

పైపెట్ ముట్టుకుని పదకొండేళ్లయింది. ల్యాబు కోటు గుండీలు పట్టలేదు. నా సైజు గ్లోవ్స్ ఏ డబ్బాలో ఉంటాయో తెలియక నిదానాన్ని అడగలేక మూడు డబ్బాలు వెతికాను. మాస్క్ పెట్టుకుంటే కళ్లద్దాల మీద ఆవిరి పట్టింది, తీస్తే గుంటలు కనపడలేదు. సూది మాస్టారు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు, సినిమాకొచ్చినట్టు.

నా పథకం చాలా తెలివైనది. పలకలో ఎడమవైపు నా సొంత రక్తం, ఫ్రీజర్లో దాచిన గొట్టం నుంచి. కుడివైపు నిదానం తెచ్చిన కొండమనుషుల రక్తం, ఇరవైమందిదీ. రెండు సున్నాలూ పక్కపక్కన పెడితే ఆమె సున్నా ఎంత బండసున్నానో ఆమెకే తెలిసొస్తుంది. రెండు గంటలసేపు చుక్కలు వేశాను. నడుం విరిగింది. చివరి మందు వేసి, గడియారం చూస్తూ కూర్చున్నాను.

కుడివైపు ఇరవై గుంటలూ నీళ్లే. ఎడమవైపు నా గుంటలు పసుపుగా తేలాయి. మరీ ముదురు కాదు, కాని పక్కన నీళ్లుంటే పసుపు పసుపే కదా, దాచినా దాగదు.

"మందు పాడైంది," అన్నాను.

"పొద్దున్నే కొత్త సీసా విప్పానండి," అన్నాడు మాస్టారు.

"అయితే ఫ్రీజర్. కరెంటు పోయి ఉంటుంది."

"నా గొట్టాలూ ఆ ఫ్రీజర్లోనే ఉన్నాయి మేడం," అంది నిదానం, నెమ్మదిగా.

ఆడలేనమ్మ మద్దెల ఓడందని ఊరికే అనలేదు. ఆ వారంలో మందు మార్చాను, నీళ్లు మార్చాను, పలక మార్చాను, గుంటల రంగు కొలిచే యంత్రాన్ని పక్క డిపార్ట్‌మెంటు నుంచి అరువు తెచ్చాను. రెండోసారి చేశాను, మూడోసారి చేశాను. నేను మూడేళ్లుగా ఆమెకి చెప్పిన సాకులన్నీ వరసగా నాకే చెప్పుకున్నాను, ఒక్కటి కూడా పనిచెయ్యలేదు. మూడోసారి కూడా నా గుంటలు పసుపుగానే తేలాక సూది మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"అన్నీ మార్చి చూశారు మేడం. మార్చనిది ఇంకొక్కటే ఉంది."

"ఏమిటది?"

"మీరేనండి."

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికిందట ఒకావిడ. ఆవిడ నయం, కనీసం పేపరు అచ్చు వేయించలేదు. నా రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయి. అంటే ఎప్పుడో కీళ్లజ్వరం నాకొచ్చి పోయింది. జబ్బు వచ్చిన మనిషి రక్తాన్ని రానివాళ్ల గుంటలో పోసి, దాన్ని సున్నా అని, నాకన్నా కాస్త తక్కువున్న వాళ్లందరికీ రక్షణ లేదని ఇన్నేళ్లూ చెప్పానన్నమాట. యాంటీబాడీలు రెండేళ్లకే పోతాయని నేను మైకుల్లో ఘోషిస్తున్నంతసేపూ అవి నా ఒంట్లోనే కాళ్లు చాపుకుని కూర్చున్నాయి. నాకు నవ్వొచ్చింది. తరవాత గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను.

కాని నాకు జ్వరమెప్పుడొచ్చింది? ఇంటికెళ్లి అమ్మని అడిగాను. అమ్మ మాతోనే ఉంటుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా రిటైరైంది. ఇప్పటికీ ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో "ఊఁ, చెప్పండి" అంటుంది.

"అమ్మా, చిన్నప్పుడు నాకు కీళ్లనొప్పుల జ్వరం ఏదైనా వచ్చిందా?"

అమ్మ ఉతికిన దుప్పటి మడతపెడుతోంది. చేతులు ఆగిపోయాయి.

"పరుగుపందెం అప్పుడు," అంది.

నాకు బాగా గుర్తుంది. తొమ్మిదో ఏట స్కూల్లో పరుగుపందెం ఎగ్గొట్టడానికి కాళ్లనొప్పులని వేషం వేశాను. నెల రోజులు కుంటుతూ నటించి ఇంటిల్లిపాదినీ బుట్టలో వేశాను. అది నా జీవితంలో మొదటి విజయం. మా ఆయనకి పెళ్లయిన కొత్తలో గొప్పగా చెప్పుకున్న కథ కూడాను.

"అది నటన కదమ్మా?"

"నటనని నేనన్నాను," అంది అమ్మ. "పొద్దున్నే లేచి కాళ్లు కదలట్లేదని ఏడ్చావు. నాకు డ్యూటీకి టైమైపోతోంది. దొంగవేషాలని వీపు మీద ఒక్కటిచ్చి పంపించాను. సగం దారిలో కూలబడిపోతే పక్కింటివాళ్లు మోసుకొచ్చారు. నెల రోజులు మెట్ల మీద కూర్చుని కూర్చుని దిగేదానివి. అప్పుడు కూడా నమ్మలేదే నేను. చూసినవాళ్లందరికీ 'మా అమ్మాయి ఎంత నాటకమాడుతోందో చూడండి' అని చెప్పాను. అందరూ నవ్వేవాళ్లు. వినీ వినీ నువ్వు కూడా నవ్వడం మొదలుపెట్టావు."

"వీధిలో ఇంకెవరికైనా వచ్చిందా?"

"సగం వీధికి వచ్చింది, నీ తరవాత. అప్పుడు తెలిసింది నాకు. ఏ మొహం పెట్టుకుని చెప్పను నీకు?" దుప్పటిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "నొప్పని చెప్పింది నా కూతురు కదా. నమ్మాల్సింది."

నలభై ఎనిమిదేళ్ల కిందటి నొప్పి ఇప్పుడు కొత్తగా నొచ్చింది. అమ్మ పక్కన కూర్చున్నాను. ఇద్దరం కలిసి మిగతా దుప్పట్లు మడతపెట్టాం.

ఇంత విన్నాక మామూలు మనుషులైతే అక్కడికక్కడే మారిపోతారు. నాకు ఇంకో రోజు పట్టింది. తెల్లారేసరికి నా బుర్రలో బ్రహ్మాండమైన ఆలోచన ఒకటి మెరిసింది. మూడో అధ్యాయం తీసేస్తే థీసిస్ తేలిగ్గా బయటపడుతుంది. నిదానానికి డిగ్రీ వస్తుంది, ఉద్యోగం వస్తుంది. నా ఫ్రేము నా గోడకే ఉంటుంది. నేను రిటైరయ్యాక ఎవరో ఒకరు ఆ తప్పు కనిపెట్టుకుంటారు. పామూ చావదు, కర్రా విరగదు. ఇంత తెలివి పరిశోధనలో ఎందుకు పనిచెయ్యలేదో నాకిప్పటికీ తెలియదు.

ఆమెని పిలిచాను. తారీకు ఇరవై రెండు.

"మూడో అధ్యాయం తీసెయ్యమ్మా. ఇవాళే సంతకం పెడతాను."

నిలబడే ఉంది. గ్లోవ్స్ వేసుకుని వేసుకుని ఆమె వేళ్లు నానిపోయినట్టు ముడతలు పడి ఉన్నాయి. నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

"మీ పలక నేనూ చూశాను కదా మేడం," అంది.

"చూశావు. అందుకే చెబుతున్నాను. నీకు కావలసింది డిగ్రీయే కదా?"

"మూడో అధ్యాయమే నా ఆరేళ్లు. మిగతావి ఎవరైనా రాస్తారు. మీరు నమ్మకపోయినా ఫర్వాలేదు మేడం, అలవాటైపోయింది. ఆ ఫలితమే రాలేదన్నట్టు మాత్రం నాచేత రాయించకండి."

అలవాటైపోయిందన్న మాట దగ్గర నా పని అయిపోయింది. మెట్ల మీద కూర్చుని దిగే పిల్ల కూడా అలాగే అలవాటు చేసుకుంది, చివరికి తన నొప్పి తనకే అబద్ధమయ్యేంతగా. నాకు సిగ్గేసింది. శాస్త్రం తప్పినందుకు కాదు, ఈ పిల్ల వేళ్లు చూడనందుకు. థీసిస్ దగ్గరికి లాక్కుని, మూడో అధ్యాయంతో సహా సంతకం పెట్టాను. ఆమె థాంక్స్ చెప్పి, సిరా ఆరేదాకా పేజీని రెండు చేతులతో పట్టుకుని, నిదానంగా బయటికి వెళ్లింది.

తరవాత పేపరు వెనక్కి తీసుకుంటున్నట్టు పత్రికకి ఉత్తరం రాశాను. నాలుగు వాక్యాలు. "ఒక నమూనాలో లోపం ఉన్నట్టు గుర్తించడమైనది. ఫలితాలు పునఃపరిశీలించబడినవి." ఎవరు గుర్తించారు? ఎవరి నమూనా? ఆ ఉత్తరంలో నేనన్న మాట ఎక్కడా లేదు. నా రచనల్లో ఒక్క ప్రశ్న కూడా రాకుండా అచ్చయింది అదొక్కటే. ఆ మూడు ల్యాబులకీ ఫోన్లు చేశాను. ఒకాయన ఫోన్లోనే పగలబడి నవ్వాడు. ఆరోగ్యశాఖ వాళ్లు కరపత్రాలు మళ్లీ వేయించాల్సొస్తుందని విసుక్కున్నారు. ఫ్రేము దించి బీరువా వెనక పెట్టాను. మొత్తానికి గౌరవంగానే బయటపడ్డానని నాకు నేను చెప్పుకున్నాను.

నాలుగు నెలల తరవాత నిదానానికి మౌఖిక పరీక్ష. సెమినార్ హాల్లో నలభై కుర్చీలుంటే ముప్పై నిండాయి, నా పేపరు సంగతి తెలిసి కొందరు ముచ్చటపడి వచ్చారు. సూది మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన. థీసిస్ నిండా పసుపు చీటీలు అంటించి తెచ్చాడు. నిదానం ఏ ప్రశ్నకీ తడబడలేదు. నెమ్మదిగా, ఒక్కో మాటా కొలిచి వేసినట్టు చెప్పింది. నేను ముందు వరసలో గైడు కుర్చీలో కూర్చుని తలూపుతున్నాను, అదంతా నేనే నేర్పినట్టు.

పరీక్షకుడు ఒక చీటీ దగ్గర ఆగాడు.

"మూడో అధ్యాయంలో ఫలితం మీకు మొదటిసారి వచ్చిన తేదీ చూస్తున్నాను. మూడేళ్ల పైచిలుకు కిందటిది. ఇంత ముఖ్యమైన విషయం మూడేళ్లు ఎందుకు బయటపెట్టలేదు? ఈలోపు ఎంతమందికి తప్పుడు సలహా వెళ్లిందో తెలుసు కదా? ఇది మీ అలసత్వం అనుకోవాలా?"

నిదానం నా వైపు చూడలేదు. బల్ల అంచు పట్టుకుంది.

"నాకే నమ్మకం కుదరలేదండి. చాలా నెమ్మదిగా పనిచేస్తాను నేను. నాలుగుసార్లు చేసి చూసుకున్నాను. ఆలస్యం నాదేనండి."

పరీక్షకుడు పెన్ను తీశాడు. ఆమె పేరు కింద రాయబోతున్నాడు.

నేను లేచాను. కుర్చీ వెనక్కి పడింది.

"అబద్ధమండీ," అన్నాను. "మొదటిసారే సరిగ్గా చేసింది. మొదటిసారే నాకు చెప్పింది. పుస్తకంలో ఉన్నట్టు చేసింది ఈ ల్యాబులో తనొక్కతే. నమ్మనిది నేను. నాలుగుసార్లు చేయించింది నేను. చుక్క వెయ్యడం రాదని నలుగురి ముందు అన్నది నేను. ఆ తప్పు రక్తం నాది, ఆ మూడేళ్లూ నావి."

ఎవరూ నవ్వలేదు. ఎవరైనా నవ్వితే బాగుండుననిపించింది. నిదానం తల వంచుకుని బల్ల మీది కాయితాలు సర్దుతోంది, సర్దినవాటినే మళ్లీ మళ్లీ సర్దుతోంది.

పరీక్షకుడు నా వైపు తిరిగాడు. ఆమె పేరు మీద నుంచి పెన్ను ఎత్తాడు.

"ఇది రిపోర్టులో రాయాల్సి ఉంటుందండి. మీ పేరుతో. ఆలోచించుకుని చెప్పండి."

"రాయండి," అన్నాను.